తవ్వెడు బియ్యం, తడిపిండి తూకం

మా అత్తమ్మకు కాంటా అంటే గిట్టదు. వరంగల్ బజారులో కిరాణా దుకాణం నడిపిన ఇంటి మనిషై ఉండీ, దాన్ని వంటింట్లోకి మాత్రం రానివ్వలేదు. బియ్యమైనా పప్పైనా ఇత్తడి తవ్వతోనే కొలుస్తుంది, పైన కుప్ప నిలిచేలా. మొదటి తవ్వను ‘ఒకటి’ అనదు, ‘లాభం’ అంటుంది. ఉప్పుకూ నువ్వులకూ వాముకూ ఆమె కుడి అరచెయ్యే కొలత.

పోయినేడు ఆ చెయ్యే మణికట్టు దగ్గర విరిగింది. దవాఖానలో కట్టు కట్టారు. సరిగ్గా అప్పుడే మా ఆడబిడ్డ కూతురికి పాలకుర్తి సంబంధం కుదిరింది. సారెలో సకినాలు పంపాలి. అవి తన చేతివే అయ్యుండాలని అత్తమ్మ ఆ పిల్ల పుట్టినప్పటి నుంచీ అంటోంది.

"పిండి కలిపేది నేను గాకుంటే ఇంట్ల చేసుడెందుకు? దుకాణంల కొనుర్రి," అని మంచం మీద అటు తిరిగి పడుకుంది.

నాకు ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా పక్కన కూర్చుని సకినాలు చుడుతున్నదాన్ని, నేను మనిషిని కానా?

"మీ చెయ్యి ఎంత ఏస్తదో తూకమేసి రాసుకుంట అత్తమ్మా," అన్నాను.

"చెయ్యిని తూకమేస్తవా?" అని నవ్వింది.

కేకుల కోసం కొన్న చిన్న కాంటా తీశాను. తవ్వెడు బియ్యం, కుప్పతో సహా, కిలో నూట యాభై గ్రాములు. ఉప్పు దగ్గర చిక్కొచ్చింది. అత్తమ్మ ఎడమచేత్తో తీసి, "దీనికేం ఎరుక," అని మళ్లీ డబ్బాలో పోసేసింది. చివరికి నా అరచేతిలో పోయించి, "ఇంకింత, ఇంకింత... ఆఁ, చాలు," అంది. వెంటనే తూచి రాసుకున్నాను. నువ్వులూ వామూ అలాగే.

బియ్యం నానబోసి, గిర్నీలో పట్టించి, జల్లించాను. ఆ తడిపిండిని కిలో నూట యాభై తూచి, రాసుకున్నవన్నీ అందులో కలిపాను. తొలివాయి రుచి చూసిన అత్తమ్మ నమలడం ఆపేసింది.

"ఏందిది బిడ్డా, ఉప్పు కషాయం లెక్కున్నది."

"మీరు చెప్పినంతే ఏసిన."

"నేను చెప్పింది ఎండు బియ్యానికి. నువ్వు తూచింది నానిన పిండి. నీళ్లకు గూడ ఉప్పేస్తివి."

సిగ్గుతో తల తీసేసినట్టయింది. హనుమకొండలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని నేను! ఆ సాయంత్రమే మళ్లీ తవ్వెడు బియ్యం నానబోశాను. మర్నాడు దాన్ని పట్టించి, వచ్చిన పిండి మొత్తం తూచాను. కిలోన్నర దాటింది. ఆ పిండికి ఆ ఉప్పు అని క్యాలెండర్ వెనక కొత్త లెక్క రాశాను. ఈసారి వాయి దించి ఆమె చేతికిచ్చి, అక్కడే నిలబడ్డాను. ఒకటి తింది. ఇంకోటి తీసుకుంది. పెళ్లి సకినాలన్నీ ఆ లెక్కతోనే చేశాను.

పెళ్లిలో సారె గంపలు విప్పినప్పుడు పిల్లగాడి తల్లి ఒక సకినం విరిచి తింది.

"ఈ కట్టు చెయ్యితోని ఇంత మంచిగ ఎట్ల చేసినవు పెద్దమ్మా?" అని అత్తమ్మను అడిగింది.

ఊఁ అంటే సరిపోయేది. నేనూ ఏమీ అనుకోకపోదును. అత్తమ్మ ఎడమచేత్తో నన్ను ముందుకు లాగింది.

"నేను గాదు, మా కోడలు చేసింది. నా చేతివే అనుకున్నవు గద?"

అంతమందిలో నాకు ఏడుపొచ్చేసింది, గర్వంతో. దాచుకోవాలని కూడా అనిపించలేదు.