మెట్టు మీద రుద్దిన కత్తి

మా ఆయన ఉన్నంతకాలం మా తలుపుకి గొలుసు వేసే ఉండేది. ఎవరు గంట కొట్టినా ఆ గొలుసు తియ్యకుండానే, జానెడు సందులోంచి "అవసరం లేదండీ" అనేవారు. వచ్చినవాళ్ళు ఏం అమ్ముతున్నారో కూడా వినేవారు కాదు. ఆయన సినిమా వాళ్ళకి దుస్తులు కత్తిరించే కటింగ్ మాస్టరు. రోజంతా పదిమంది అరుపుల మధ్య పనిచేసి వచ్చిన మనిషికి ఇంటి దగ్గరైనా కాస్త నిశ్శబ్దం కావాలనిపించేదేమో. "ఒక్కడిని రానిచ్చావంటే రేపు వీధి వీధంతా వస్తుంది" అని నన్ను హెచ్చరించేవారు.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. గొలుసు అలాగే ఉంది, నేను వెయ్యను. వీధి వీధంతా వస్తుందేమోనని చూశాను. రాలేదు.

మాది ఫిల్మ్‌నగర్‌లో, షేక్‌పేట వైపు దిగే వాలులో ఉన్న పాత అపార్ట్‌మెంటు. మూడో అంతస్తు. మాకు పిల్లలు లేరు. ఉండడానికి సొంత గూడు, దీపం పెట్టుకోవడానికి ఒక మూల, తినడానికి లోటులేని తిండి ఇచ్చాడు దేవుడు. రోజూ పొద్దున్నే ఆ మాట దేవుడికే చెప్పుకుంటాను. దాని తర్వాత సాయంత్రం దాకా చెప్పుకోవడానికి ఎవరూ ఉండరు.

నేను బడి మొహం చూడలేదు. అక్షరాలూ, పద్యాలూ, కూడికలూ అన్నీ నాన్న ఇంట్లో పీట మీద కూర్చోబెట్టి నేర్పినవే. ఆ చదువులో భాగంగానే నేర్పారు, గుమ్మంలోకి వచ్చిన మనిషికి ముందు మంచినీళ్ళివ్వాలి, ఏం పనిమీద వచ్చారని ఆ తర్వాతే అడగాలి. పెళ్ళయ్యాక గొలుసు వెనకాల ఆ పాఠం మూలపడింది. ఇప్పుడు మళ్ళీ బయటికి తీశాను.

ఎండాకాలంలో ఒకరోజు మంచినీళ్ళ మిషన్లు అమ్మే అతను వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో పెట్టె. మా బిందెలో నీళ్ళు ఒక గ్లాసుడు అడిగి, అందులో రెండు ఇనప పుల్లలున్న పరికరమేదో ముంచి, ప్లగ్గు పెట్టాడు. చూస్తుండగానే నీళ్ళు తుప్పు రంగుకి తిరిగాయి.

"చూశారా ఆంటీ? రోజూ మీరు తాగేది ఇదే!"

"అయ్యో, ఈ నీళ్ళతోనే దేవుడికి అభిషేకం చేస్తున్నాను బాబూ. ఇన్నేళ్ళూ ఆయనేమీ అనలేదే."

"ఆయన అనరు ఆంటీ. మనమే అర్థం చేసుకోవాలి."

అరగంటసేపు కాలేయం గురించీ, మూత్రపిండాల గురించీ చెప్పాడు. చెప్పీ చెప్పీ గొంతు ఎండిపోయి, "కొంచెం మంచినీళ్ళిస్తారా" అన్నాడు. అదే బిందెలోంచి ముంచి ఇచ్చాను. గ్లాసు వంక చూశాడు, నా వంక చూశాడు, గటగటా తాగేసి ఇంకో గ్లాసు అడిగాడు. ఇద్దరం నవ్వుకున్నాం. మిషను నేను కొనలేదు. "మళ్ళీ వస్తా ఆంటీ" అని వెళ్ళాడు గాని రాలేదు. కొనని ఇంటికి వాళ్ళు రెండోసారి రారు. దోమల తెరలు బిగించేవాళ్ళూ అంతే, చెదల మందు కొట్టేవాళ్ళూ అంతే.

రెండోసారి వచ్చింది ఒక్క సాన పట్టే ఆయనే.

ఎర్రగడ్డ నుంచి సైకిలు తోసుకుంటూ వస్తాడు. స్టాండు వేసి తొక్కితే ముందున్న సానరాయి తిరుగుతుంది. కింద ఆయన పెట్టే కేక మూడో అంతస్తుకి వినపడదు. అందుకని సైకిలు గేటు పక్కన నిలబెట్టి, ఎక్కి వచ్చి ఒక్కొక్క తలుపూ కొడతాడు. మొదటిసారి వచ్చినప్పుడు నేనిచ్చిన నీళ్ళు తాగి, ఖాళీ గ్లాసుని కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

"పొద్దుగాల సంది ఇదే మొదటి గిలాస, అమ్మా."

"జూబ్లీహిల్స్ అంతా తిరిగారా?"

"తిరిగిన. ఆడ గంట కొడితే మనిషి రాడు. గోడలకెళ్ళి డబ్బా మాట్లాడ్తది. ఎవరూ అంటది. సాన వట్టేటోన్ని అంటే, ఒద్దు పో అంటది. దాని మొకం ఎట్లుంటదో గూడ తెల్వదు."

కూరల కత్తి, కత్తిపీట పట్టుకుని ఆయనతోపాటు కిందికి దిగాను. వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని నిప్పురవ్వలు చూశాను. తల ఎత్తకుండా మాట్లాడతాడు ఆయన. భార్యకి షుగరు, తన మోకాళ్ళు, ఎక్కడ ఎత్తు ఎక్కితే ఎక్కడ దిగాలో. మొహం చూడని మనిషి దగ్గర మాటలు తేలిగ్గా వస్తాయి. పొద్దున కాఫీకి ఇప్పటికీ రెండు కప్పుల నీళ్ళే పోస్తున్నానని నేను ఎవరికీ చెప్పలేదు, ఆయనకి చెప్పాను. "అలవాటు గదా" అని మాత్రం అన్నాడు, రాయి మీద నీళ్ళు చల్లుకుంటూ.

ఆ తర్వాత వారం విడిచి వారం, గురువారాలు వచ్చేవాడు. మూడోసారి వచ్చినప్పుడు కత్తి అంచుని బొటనవేలి గోటి మీద పెట్టి చూసి, "పదును అట్లనే ఉన్నది. ఇప్పుడేం ఒద్దు. వచ్చే నెల జూస్త" అని నీళ్ళు తాగి దిగిపోయాడు.

నిజమే, పదును ఎందుకు పోతుంది? నాకొక్కదానికి ఒక వంకాయ, రెండు బెండకాయలు. కానీ ఆ రోజు మధ్యాహ్నం చాలా పొడుగ్గా గడిచింది. సాయంత్రం దీపం దగ్గర స్తోత్రం మొదలుపెట్టేసరికి, ఆయన దిగిపోయిన దగ్గర్నుంచీ వాడని నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

రెండు వారాలకి, ఆయన మళ్ళీ వచ్చే గురువారం పూజ అయ్యాక, ఆ తడిచేత్తోనే కత్తి తీసుకుని బాల్కనీ మెట్టు దగ్గరికి వెళ్ళాను. నల్లరాతి మెట్టు. దాని అంచు మీద కత్తిని అటూ ఇటూ నాలుగుసార్లు రుద్దాను. కత్తిపీటని కూడా. ఎవరైనా చూస్తున్నారేమోనని ఎదురింటి మేడ వైపు చూశాను. చూసేవాళ్ళెవరూ లేరు. లోపల దేవుడి పటం వైపు మాత్రం చూడలేకపోయాను.

ఆయన వచ్చి గోటి మీద పెట్టి చూశాడు.  కింద కూర్చుని గంటసేపు సాన పట్టాడు.

అలా వానలు మొదలైన దగ్గర్నుంచి దీపావళి దాకా సాగింది. వాచ్‌మన్ భార్యకి ఇదంతా వేళాకోళంగా ఉండేది.

"ఏం మేడం, ఇంట్ల ఎంతమందిని కోస్తుండ్రు? ఎప్పుడు జూసినా కత్తులకు సాన!"

"ఇద్దరు వంకాయలని, ఒక బీరకాయని" అన్నాను.

"బీరకాయ ఏం పాపం జేసిందో!"

ముగ్గురం నవ్వాం. కానీ కత్తి అరిగిపోతోంది. రెండు వేళ్ళ వెడల్పున్నది ఒక వేలి వెడల్పయింది. ఒక గురువారం దాన్ని ఆయన ముందు పెట్టడానికి సిగ్గేసింది. కత్తిపీటా అంతే. ఇల్లంతా వెతికాను. చివరికి కుట్టుమిషను సొరుగు తెరిచాను. అందులో, తెల్ల గుడ్డలో చుట్టి, మా ఆయన కత్తెర ఉంది. బరువైన పెద్ద కత్తెర. ఆయన పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఎలాగోలా ఒక గంట గడవాలి, అంతే అనుకున్నాను. తీసుకుని కిందికి దిగాను.

సాన పట్టే ఆయన గుడ్డ విప్పి, కత్తెరని రెండుసార్లు ఆడించి, ఆ చప్పుడు విన్నాడు. జేబులోంచి పాత గుడ్డపేలిక తీసి కత్తిరించాడు. పేలిక చప్పుడు లేకుండా రెండయింది.

"ఎవరిదమ్మా ఇది?"

"మా ఆయనది. కటింగ్ మాస్టరుగా చేసేవారు."

"తన చేతితోనే పదును వెట్టుకున్నడు. గీ గీతలు జూడు, అన్ని ఒక్క దిక్కే ఉన్నయి. నా రాయి మీద వెడితే ఆయన వెట్టిన పదును పోతది. నాది వస్తది." తల ఎత్తి, మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "వెట్టమంటవా?"

కత్తెర వంక చూశాను. మా ఆయన చేత్తో చేసినవాటిలో నాకు మిగిలింది ఆ పదునొక్కటే. దాన్ని ఒక గంట కబుర్లకి పట్టుకొచ్చాను.

"వద్దు" అన్నాను.

"కత్తి తేలేదేంది?"

"అరిగిపోయింది."

"అరగదా మరి! కూరగాయలు కోస్తే కత్తి అట్ల మొండిగ గాదమ్మా. రాయి మీద రుద్దితేనే అయితది. నాకు మొదటిసారే తెల్సింది."

నేల వంక చూస్తూ అడిగాను, "మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు తెచ్చుడు బంద్ జేస్తవు. నన్ను గూడ గింతసేపు కూసోనిచ్చేటోళ్ళు ఇంకెవలున్నరు?"

కత్తెరని మళ్ళీ గుడ్డలో చుట్టి రెండు చేతులతో నాకిచ్చాడు. "ఇగ రుద్దకు. నిజంగ మొండిగైనంక చెప్పు. గప్పటిదాంక నీళ్ళియ్యి, జరసేపు కూసుంట."

ఆ సాయంత్రం దీపం దగ్గర కూర్చుని, జరిగిందంతా దాచకుండా చెప్పుకున్నాను. కత్తెర దక్కినందుకు దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత ఇంకో మూడుసార్లు వచ్చాడు. ఉత్తచేతులతో దిగి స్టూలు మీద కూర్చునేదాన్ని. ఆయన సైకిలుకి ఆనుకుని నీళ్ళు తాగేవాడు. ఆ తర్వాత రావడం మానేశాడు. భార్య ఆరోగ్యమో, మోకాళ్ళో. ఫోను నంబరు అడగాలని నాకు ఎప్పుడూ తోచలేదు, పేరూ అడగలేదు. ఎర్రగడ్డ అంత పెద్ద చోట ఎవరినని అడగను?

"కొత్త కత్తి ఫోన్ల జెప్తే పది నిమిషాల్ల వస్తది మేడం" అంది వాచ్‌మన్ భార్య. "గంట కొట్టి, తలుపు కాడ వెట్టి పోతరు."

అలా సామాన్లు తెచ్చిచ్చే పిల్లలని చూస్తూనే ఉన్నాను. గంట విని నేను గ్లాసుతో వెళ్ళి తలుపు తీసేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడే ఉంటుంది. వద్దన్నాను.

ఈ మధ్య టమాటా తొక్క మీద కత్తి జారుతోంది. బీరకాయ చెక్కు తియ్యాలంటే పావుగంట పడుతోంది. ఇన్నాళ్ళకి అది నిజంగానే మొండిపడింది, ఏ రాయి దగ్గరికీ తీసుకెళ్ళకుండానే. గురువారం పొద్దున పూజ అయ్యాక దాన్ని కడిగి, తుడిచి, మంచినీళ్ళ గ్లాసు పక్కన పెడుతున్నాను. ఆయన వచ్చి గోటి మీద పెట్టి చూసుకోవచ్చు. ఈసారి అబద్ధం లేదు.