ఇంకా ఉందన్నమాట

కరోనాకు రెండేళ్ళ ముందు వేసవిలో నన్ను గుడివాడ నుంచి మచిలీపట్నానికి బదిలీ చేశారు. నేను పనిచేసిన ట్రస్టుకు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో చిన్న చిన్న ఆసుపత్రులు ఉండేవి. నా హోదా సీనియర్ గైనకాలజిస్టు. పేరుకే సీనియర్ని; బందరులో ఆ విభాగం మొత్తానికి నేనూ, హెడ్ నర్సు సిస్టర్ కరుణా తప్ప మూడో మనిషి లేదు.

ఓపీకి పెడన నుంచీ, అవనిగడ్డ, నాగాయలంకల నుంచీ ఆడవాళ్ళు వచ్చేవారు. వివరాలు రాసుకుంటూ నెలసరి గురించి అడిగితే చాలామంది ‘సంచి తీయించేశానండీ’ అనేవారు, పుచ్చుపన్ను పీకించుకున్నంత తేలిగ్గా. వాళ్ళలో ముప్పై దాటీ దాటని వాళ్ళూ ఉండేవారు. విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండేది. గర్భసంచి తీయవలసిన జబ్బులు ఉన్నాయి, కాదనను. కానీ తెల్లబట్టకీ, నడుంనొప్పికీ తీయించుకున్నవాళ్ళను చూసి చూసి నా నోరు కాస్త దురుసైంది.

నాగమణిని (అసలు పేరు ఇది కాదు) వాళ్ళ అత్తగారు తీసుకొచ్చారు. వాళ్ళది పెడన. భర్త కలంకారీ అచ్చులు వేస్తాడు. అచ్చు వేసిన బట్టను రంగు కాగుల్లో ఉడకబెట్టే పని నాగమణిది. సంచి ఆపరేషన్ అయ్యి మూడేళ్ళు దాటింది. చేసిన డాక్టరు అండాశయాలు రెండూ ఉంచేశారు. ముప్పై ఏళ్ళ వయసులో అలా ఉంచడమే పద్ధతి.

“నెలకోసారి తల పగిలిపోతోందంటుంది. ఎవరితోనూ మాట్లాడదు, ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. సంచే లేనిదానికి నెలనెలా ఇదేంటండీ? నరాలకేదన్నా మాత్ర రాయండి” అన్నారు అత్తగారు. గయ్యాళి ఏమీ కాదు, కోడలి కోసం బస్సెక్కి వచ్చిన మనిషి. పరీక్ష చేయాలని ఆవిణ్ణి బయట కూర్చోబెట్టాక, నాగమణి మెల్లగా “నాటకాలాడుతున్నానంటున్నారండీ. కాదని మీరన్నా చెప్పండి” అంది.

మాటల్లో ఇంకో సంగతి తెలిసింది. ఆపరేషన్‌కు ముందు ఆమె నెలకు మూడు రోజులు బయట ఉండేది. వెనక వసారాలో చాప, చెంబు. వంట లేదు, కాగుల దగ్గర పని లేదు. అత్తగారే కంచంలో అన్నం తెచ్చి పెట్టేవారు. ఆపరేషన్‌తో ఆ మూడు రోజులూ పోయాయి. పైగా వీధిలో ఎవరింట్లో వ్రతమైనా వంటకు ఆమెకే కబురు. “నాకైతే అడ్డం లేదు కదండీ, డేట్లు చూసుకోనక్కర్లేదు. శ్రావణమాసంలో ఊపిరాడదు” అని చెప్పింది. నేను విన్నది పోయిన విశ్రాంతి గురించే. ఆమె గొంతులో ఉన్న గర్వం వినవలసింది.

సంచి లేని మనిషిలో నెల ఎలా నడుస్తోందో కనిపెట్టడం కాస్త చిక్కు పని. మా లెక్కలన్నీ నెలసరి మొదలైన రోజును ఒకటో రోజు అనుకుని మొదలవుతాయి. రక్తస్రావమే లేకపోతే ఒకటో రోజు ఏది? అందుకని వేరే గుర్తులు వెతకాలి. అండం విడుదలైతే ఒంటి వేడి అర డిగ్రీ వరకూ పెరిగి, దాదాపు రెండు వారాలు అలాగే ఉండి దిగుతుంది. నిద్ర లేవగానే, మంచం దిగకముందే చూస్తేనే ఆ తేడా తెలుస్తుంది. నాగమణి రోజూ తెల్లవారుతూనే థర్మామీటర్ నాలుక కింద పెట్టుకుని, అది చూపించిన అంకెను ఫొటో తీసి సిస్టర్ కరుణకు వాట్సాప్‌లో పంపేది. అండం విడుదలకు ముందు పెరిగే హార్మోన్‌ను పట్టే మూత్రపరీక్ష స్ట్రిప్స్ కూడా ఇచ్చాం. స్ట్రిప్ మీద రెండో గీత ముదరగానే పిలిపించి స్కాన్ చేశాం. కుడి అండాశయంలో నీటిబుడగలాంటి అండపు తిత్తి కనిపించింది. తర్వాతి స్కాన్‌కు అది పగిలిపోయి ఉంది. వారం ఆగి రక్తంలో ప్రొజెస్టిరాన్ చూస్తే బాగా పెరిగి ఉంది. ఇక సందేహం లేదు. ఒంటి వేడి దిగే రోజుల్లోనే ఆమెకు తలనొప్పి మొదలైంది. మరుసటి నెలా అంతే.

“మేడమ్, సంచి లేదని చెప్పకపోతే పాఠంలో పెట్టుకోవచ్చు” అంది సిస్టర్ కరుణ. నాకూ సంబరంగానే ఉంది.

అత్తగారినీ, భర్తనూ పిలిపించాను. కుటుంబంతో మాట్లాడాలన్నది మా ట్రస్టు నియమం, నాకూ ఇష్టమే. కాగితం మీద బొమ్మ వేసి, సంచి పోయినా అండాశయాలు ఉన్నాయనీ, నెలనెలా చేసే పని చేస్తూనే ఉన్నాయనీ, రక్తం బయటికి రాకపోవడం ఒక్కటే తేడా అనీ చెప్పాను. తలనొప్పికి ముందే వేసుకునే మాత్రలు రాసి, ఆ రోజుల్లో కాగుల దగ్గరికి పంపొద్దన్నాను. అండాశయాలు ఉండటం ఎముకలకూ గుండెకూ మేలనీ చెప్పాను.

అత్తగారు బొమ్మ వైపు చూస్తూ, “అంటే ఇంకా ఉందన్నమాట” అన్నారు.

“ఉందండీ” అన్నాను హుషారుగా. నాగమణి నన్ను కాక అత్తగారి ముఖాన్ని చూస్తోంది.

తర్వాత కొన్నాళ్ళకు ఫొటోలు ఆగిపోయాయి. సిస్టర్ ఫోన్ చేస్తే పనిలో ఉన్నానని పెట్టేసిందట. కార్తీకమాసం వెళ్ళాక ఒక్కతే వచ్చింది. డిసెంబరులో చీర కొంగుతో విసురుకుంటోంది. ఉండుండి ఒళ్ళంతా సెగలు వస్తున్నాయనీ, కాగుల ముందు నిలబడలేకపోతున్నాననీ, నిద్ర లేదనీ చెప్పింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి చెప్పవలసిన మాటలు కావవి. ఏం జరిగిందని అడిగాను.

“ఇన్నాళ్ళూ లోపల ఉంచుకుని దేవుడికి వండావా అని మా అత్తయ్య బెంబేలెత్తిపోయిందండీ. తిట్టలేదు, భయపడిపోయింది. వీధిలో వాళ్ళకి తెలిసింది. వరలక్ష్మీ వ్రతానికి ఒక్కళ్ళూ పిలవలేదు. ఇంట్లోవాళ్ళు బయట కూర్చోమన్నారు. ఏ రోజని కూర్చోనండీ, కనపడదు కదా! అందుకని నెలంతా కూర్చోమన్నారు. థర్మామీటర్ చూపిస్తే నవ్వారు.”

ఇంకో ఊళ్ళో ఏదో నర్సింగ్ హోమ్‌కు తనే వెళ్ళి, మిగిలినవి కూడా తీసేయమని అడిగింది. తీసేశారు. ఎవరూ బలవంతం చేయలేదని రెండుసార్లు చెప్పింది. “తలనొప్పి పోయిందండీ. కార్తీకంలో మళ్ళీ పిలిచారు” అంది.

ఇలాంటప్పుడు నాకు కోపం రావాలి. రాలేదు, ఏడుపు వచ్చింది. పనిచేస్తున్న అండాశయాలు అవి. నేనే స్కాన్‌లో చూశాను, నేనే అందరికీ చూపించాను. ఆమె నా దగ్గరికి రాకపోయి ఉంటే నెలకోసారి తలనొప్పితోనే ఉండేది, అవీ ఉండేవి.

పోయిన హార్మోన్‌కు బదులు రోజూ మాత్ర వేసుకోవాలని చెప్పి చీటీ రాశాను. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఇది వేసుకుంటే మళ్ళీ ఉన్నట్టవుతుందా అండీ?”

“అవదు. ఇంట్లో ఏమని చెప్తావు?”

ఆమె ఎక్కువ ఆలోచించలేదు. “ఎముకల మాత్ర అని చెప్తానండీ. ఎముకల మాత్రకి అడ్డం లేదు” అంది. అందులో అబద్ధమేమీ లేదు, ఆ మాత్ర ఎముకలకూ పనిచేస్తుంది. ఏ మాట ఆ గడప దాటి లోపలికి వెళ్ళగలదో ఆమెకు తెలుసు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఒక పద్ధతి పాటించాను. ఫలితం ఏదైనా ముందు రోగి ఒక్కదానికే చెప్పేదాన్ని. ఇంట్లో వాళ్ళను పిలవాలా, పిలిస్తే ఏ మాటలో చెప్పాలి అని ఆమెనే అడిగేదాన్ని. ట్రస్టు నియమానికి అది విరుద్ధమని ఒకసారి సంజాయిషీ అడిగారు, ఇచ్చుకున్నాను. నాగమణి విషయంలో ఆ ప్రశ్న వేసుంటే ఆమె అప్పుడే జవాబు చెప్పేది.