హిందీలో అండి

భీమవరం చుట్టుపక్కల వెంకటరాజు గారి నోటి మర్యాద తెలియనివాళ్లు లేరు. పాలు పోసే మనిషి వచ్చినా ‘రండి’, పక్కింటి మూడేళ్ల పాప వచ్చినా ‘రండమ్మా, కూర్చోండి’. కరవడానికి వచ్చిన కుక్కను కూడా ‘తప్పుకోండి’ అంటారని బావమరుదులు ఏడిపిస్తారు. ఆయనకు కోపం రాదు సరికదా లోలోపల మురిసిపోతారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పదిమందిలో కూర్చున్నప్పుడల్లా చెబుతారు కూడా.

రొయ్యలు నాలుగేళ్లు వరసగా కలిసొచ్చాయి. తోటివాళ్లు హైదరాబాదులో ఫ్లాట్లు కొన్నారు, అరకులో గెస్ట్‌హౌసులు కట్టారు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. రాజు గారికి మంచులో ఇల్లు కావలసి వచ్చింది. కిందటేడు భార్య రత్నమాణిక్యంతో ఉత్తరాఖండ్ వెళ్లినప్పుడు, కాళ్లకు పొడుగాటి పలకలు కట్టుకుని జనం కొండ మీద నుంచి జారడం చూశారు. ఆయనా కట్టుకున్నారు. రెండుసార్లు చతికిలబడ్డారు. అయినా మనసు అక్కడే ఉండిపోయింది. ఆ ఊరి పేరు ఆయనకు ఇప్పటికీ సరిగ్గా పలకదు కాబట్టి మనమూ వదిలేద్దాం.

తిరిగొచ్చిన వారానికే క్లబ్బులో అందరికీ చెప్పేశారు.

“ఇహ ఎండాకాలం మేం మంచులోనేనండి.”

ఎండాకాలం అక్కడ కూడా మంచుండదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పేంత ధైర్యం ఎవరికుంది!

చలికాలం రాగానే ఒక్కరే వెళ్లారు. చలి పడదని రత్నమాణిక్యం రానంది. పుణేలో ఉద్యోగం చేస్తున్న కూతురు గీతిక రిజిస్ట్రేషన్ ముందురోజుకి వస్తానంది. దళారీ చూపించిన ఇల్లు రాళ్లతో, దేవదారు చెక్కతో కట్టినది. వరండాలో నిలబడితే పలకల మీద జారేవాళ్లంతా కనిపిస్తారు. ఇంటావిడ సావిత్రీ నేగి అక్కడి బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. భర్త పోయాడు. మోకాళ్లు మంచుకు తట్టుకోలేక, డెహ్రాడూన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామని ఇల్లు అమ్మకానికి పెట్టింది. ఇల్లు చూపించి దళారీ తన దారిన తను పోయాడు. ఆపైన రెండు రోజులూ మాటలన్నీ వీళ్లిద్దరి మధ్యే నడిచాయి.

రాజు గారికి హిందీ వచ్చు. చెరువుల మీద పనికి జార్ఖండ్ మనుషులు వస్తారు. పదిహేనేళ్లుగా వాళ్లతో మాట్లాడి మాట్లాడి ఒంటబట్టిన హిందీ అది. ఎక్కడా తడుముకోరు.

ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేవబోతుంటే పాపమనిపించింది. ‘మీరు శ్రమపడకండమ్మా, కూర్చోండి’ అనుకున్నారు మనసులో. నోట్లోంచి “ఏయ్, తూ బైఠ్!” అని వచ్చింది. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా తెరిచి, ‘కాస్త రుచి చూడండి’ అనబోయి “లే, ఖా” అన్నారు. ఇల్లు ఎంతో ముచ్చటగా ఉందని మెచ్చుకుంటూ “తేరా ఘర్ అచ్ఛా హై” అన్నారు. రెండు రోజులూ చేతులు జోడిస్తూ, నవ్వుతూ, ఇదే వరస. ఆవిడ ఒక్కో మాటకీ ముడుచుకుపోవడం చూసి, పాపం చలి కాబోలు అనుకున్నారు.

మూడోరోజు పొద్దున్న గీతిక వచ్చింది. వరండాలో అడుగుపెట్టేసరికి తండ్రి ఆవిడను “చల్, అల్మారీ దిఖా” అంటున్నారు. గీతిక ముఖం తెల్లబోయింది. చెయ్యి పట్టుకుని తండ్రిని పక్కకు లాక్కెళ్లింది.

“నాన్నగారూ, ఏంటండి ఆ మాటలు? ఆవిడని ఒసే, ఏమే అంటున్నారు మీరు.”

“ఛ, ఛ! నేనా? కూర్చోండి, తీసుకోండి అంటున్నానమ్మా.”

“అలా అనట్లేదండి. కూర్చోవే, తినవే అంటున్నారు. పెద్దావిడని ఆప్ అనాలి కదండి.”

“హిందీలో అండి ఉండదనుకున్నానమ్మా.”

ఆప్ అన్న మాట ఆయన విననిది కాదు. చెరువుగట్టు మీద రోజుకు వందసార్లు వింటారు. పనివాళ్లు తనను పిలిచే మాట కాబట్టి, ఆప్ అంటే వాళ్ల భాషలో ‘రాజు గారు’ అనుకున్నారు. వాళ్లలో వాళ్లు తూ అనుకుంటారు కాబట్టి, మిగతా అందరికీ అదే మాట అనుకున్నారు. అది ఇంకొకరిని కూడా అనవచ్చని పదిహేనేళ్లలో ఒక్కసారీ తట్టలేదు.

నిలువునా సిగ్గు కమ్మేసింది. అంత చలిలోనూ చెవులు వేడెక్కాయి. లోపలికి వెళ్లి రెండు చేతులూ జోడించారు. క్షమించమని అడగడానికి హిందీ ముక్క ఒక్కటి దొరకలేదు. “తప్పయిపోయిందమ్మా, మన్నించండి” అని తెలుగులోనే అన్నారు. గీతిక మిగతాదంతా విడమరిచి చెప్పింది.

సావిత్రీ నేగి అంతా వింది. తర్వాత గీతికను ఒక్కమాట అడిగింది. గీతిక తండ్రికి చెప్పడానికి తటపటాయించింది.

“ఏమంటున్నారమ్మా?”

“ఈ హిందీ మీకు నేర్పినవాళ్లు మీతో కూడా ఇలాగే మాట్లాడతారా అని అడుగుతున్నారండి.”

రాజు గారు తల దించుకున్నారు. ఆవిడకు జవాబు అర్థమైపోయింది. మాట ఇచ్చాను కాబట్టి ఇల్లు ఇస్తానంది. మర్నాడు కాగితాల మీద సంతకాలయ్యాక మాత్రం తాళంచెవి ఆయన చాచిన చేతిలో పెట్టలేదు. గీతికను దగ్గరికి పిలిచి, ఆ అమ్మాయి గుప్పిట్లో పెట్టి మూసింది.

ఊళ్లో దిగాక రాజు గారు క్లబ్బు వైపు పోలేదు. మంచు ఇంటి ఫొటోలు చూపించమని బావమరుదులు ఇంటికొస్తే తలనొప్పని పడుకున్నారు. రత్నమాణిక్యం ఎంత అడిగినా సంగతి చెప్పలేదు. ఏమని చెబుతారు? ఇన్నాళ్లూ ఊరంతా మెచ్చిన నోరు సగానికే మంచిదని చెబుతారా? రెండు రోజులు గదిలో కూర్చుని, ఫోన్లో కూతుర్ని అడిగి, నాలుగు హిందీ వాక్యాలు బట్టీ పట్టారు.

మూడోరోజు పొద్దున్న చెరువుకు వెళ్లారు. సుఖ్‌లాల్ పడవలోంచి మేత చల్లుతున్నాడు. పదకొండేళ్లుగా ఆయన దగ్గరే పని, యాభై దాటిన మనిషి. ఎప్పటిలా “ఏయ్, ఇధర్ ఆ” అని కేకేయలేదు. పడవ గట్టుకొచ్చేదాకా ఆగారు. గొంతు సవరించుకున్నారు.

“సుఖ్‌లాల్ జీ, ఆప్ ఆయియే. ఆప్ బైఠియే.”

సుఖ్‌లాల్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. అవతలి గట్టు మీద, చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్ బాగుచేస్తున్న ఇద్దరూ పని ఆపేసి ఇటే చూస్తున్నారు. అతని చేతిలో మేత బకెట్టు నెమ్మదిగా కిందికి దిగింది. తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకున్నాడు. కూర్చోలేదు.

“నేనేం తప్పు చేశానండి?” అన్నాడు. “పని మానిపించేస్తున్నారాండి?”

తెలుగులోనే అడిగాడు. ఈ ఊరొచ్చి అతను నేర్చుకున్న మొదటి తెలుగు మాట, అండి.