మైకు నోటికి తొడ అతుకు

బస్టాండులో అతన్ని అందరూ మైకు అనేవాళ్ళు. మైకు చేత్తో పట్టిన పాపాన పోలేదు గానీ, అతను గొంతెత్తితే అవతలి గోడ పక్క కునుకు తీసేవాడు కూడా ఉలిక్కిపడి లేచి ఏదో ఒక బస్సెక్కేసేవాడు. మనిషిని చూస్తే చీపురుపుల్ల. జనాన్ని పిలిచి బస్సు నింపడం ఒక పని. లోపలికొచ్చే బస్సుకి ఎదురుగా నిలబడి, "లెఫ్ట్ కొట్టు, ఇంకా లెఫ్ట్, చాలు చాలు!" అని దాన్ని గీతల మధ్య ఆపించడం ఇంకో పని.

అలాంటివాడి నాలుక పక్కన పుండు లేచింది. మందులకి మానలేదు. ముక్క తీసి పరీక్ష చేసి కేన్సరన్నారు.

"సగం నాలుక తియ్యాలి. ఆ ఖాళీలో మీ ఒంట్లోదే ముక్క, రక్తనాళాలతో సహా తెచ్చి కుడతాం," అంది ఎదురుగా కూర్చున్న డాక్టరమ్మ.

"మళ్ళీ బస్సు దగ్గర పిలవగలనా అమ్మా? అదొక్కటి చెప్పండి."

"వేసే ముక్కని బట్టి. ఛాతీ కండ మందం, నోట్లో దిండు పెట్టినట్టుంటుంది. తొడది కూడా చాలామందికి లావే. ముంజేతి చర్మం పల్చన, మాటకి అదే మేలు." రెండు మణికట్లూ నొక్కి వదిలి, అరచేతుల్లోకి రక్తం తిరిగి రావడం చూసింది. "బాగున్నాయి. ఎడమది తీసుకుంటాం. అప్పటిదాకా ఆ చేతికి సూది తగలనివ్వకండి. నరాలు పాడైతే ఇక పనికిరాదు."

బయటికి రాగానే మైకు భార్య అతని ఎడమ చెయ్యి ఒడిసిపట్టుకుంది.

"అది కాదే పిచ్చిదానా! ఆవిడ ఎదురుగా కూర్చుని చెప్పింది. ఎదుటివాళ్ళ ఎడమంటే మనకి కుడి. కావాలంటే నీ తమ్ముణ్ణడుగు."

తమ్ముడు బస్సు డ్రైవరు. "బావ కరెక్టే అక్కా. ఎదురుగా నిలబడితే నా లెఫ్టు బావకి రైటే. ఇన్నేళ్ళలో ఒక్క బస్సుకైనా గీత పడిందా?"

ఇంకేం, కుడి చేతికి రాజభోగం మొదలైంది. భార్య దానికి తువ్వాలు చుట్టింది, ఇంట్లో కుట్టుసూదులన్నీ దాచేసింది. దోమ కూడా పొడుస్తుంది కదా అని విసనకర్రతో కాపలా కూర్చుంది. మైకు ఎడమ చేత్తో చెంచా పట్టి తింటుంటే సగం గడ్డానికే అందేది. ఆసుపత్రిలో రక్తం తీయడానికి నర్సు కుడి చెయ్యి అడిగితే గావుకేక పెట్టాడు.

"ముట్టుకోకమ్మా! అది చెయ్యి కాదు, నా నాలుక!"

పిచ్చి ముదిరిందనుకుని ఆమె ఎడమ చేతికే పొడిచింది. నరం దొరక్క మళ్ళీ పొడిచింది. వచ్చిన ప్రతివాళ్ళూ అక్కడే పొడిచారు.

ఆపరేషన్ ముందురోజు డాక్టరమ్మ ఎడమ చొక్కాచెయ్యి పైకి లాగింది. ముంజెయ్యంతా నేరేడుపండు రంగు.

"ఇదేంటి? ఎవరు పొడిచారు?"

"దాంతో మనకేం పని తల్లీ," అంటూ మైకు భార్య గర్వంగా కుడి చేతి తువ్వాలు విప్పింది. "ఇది చూడండి. దోమ వాలితే ఒట్టు!"

డ్రైవరు బస్సు లెక్క వివరించాడు. డాక్టరమ్మ నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంది. మైకు మాత్రం నవ్వలేదు.

"అయితే దిండేనా అమ్మా? నా నోరు పడిపోయినట్టేనా? పోనీ, కుడిదే కోసెయ్యండి."

"పనిచేసుకునే చెయ్యి నేను కొయ్యను. ఏదీ, తొడ చూపించండి." వేళ్ళతో చర్మం పట్టి చూసి కనుబొమలెత్తింది. "ఇది తొడా? కొందరికి ముంజెయ్యే ఇంతకంటే లావుంటుంది. దీంతో కానిచ్చేద్దాం."

చిక్కిపోయావని జీవితమంతా సాధించిన భార్య, ఆ పూట మొదటిసారి మొగుడి ఎముకలకి దణ్ణం పెట్టింది.

ముక్క అతుక్కుంది. నర్సులు టార్చి వేసి చూసినప్పుడల్లా గులాబీ రంగులో నిగనిగలాడింది. కొన్నాళ్ళకి దాని మీద నల్లటి వెంట్రుకలు మొలిచాయి. తొడ చర్మం కదా, దాని బుద్ధి అది పోనిచ్చుకోలేదు.

"ఏమయ్యా, నాలుక్కి కూడా మీసమా!" అని భార్య పడీపడీ నవ్వింది.

"బావా, ఇక నువ్వు తొడ కొట్టాలంటే నోటి మీద కొట్టుకోవాలి," అన్నాడు డ్రైవరు.

డాక్టరమ్మ ఆ వెంట్రుకలు కత్తిరించి పంపింది. మాటలు నేర్పే ఆమె రోజూ ర, ల, ట పలికించేది. ర అనబోతే వ వచ్చేది. మైకు గోడవైపు తిరిగి బస్సులు పిలుస్తూ సాధన చేశాడు.

ఒక ఉదయం బస్టాండుకెళ్ళి బస్సు తలుపు దగ్గర నిలబడ్డాడు. డ్రైవరు అద్దంలోంచి చూస్తూ ఇంజను ఆపేశాడు. మైకు కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చాడు.

"ఎక్కంది, ఎక్కంది! సీత్లున్నాయ్! బయల్దేవుతోంది!"

మాట వంకరే. కానీ అరుపు పుట్టేది ఊపిరితిత్తుల్లో, అక్కడ ఎవరూ కత్తి పెట్టలేదు. పావురాలు రేకుల కప్పు మీంచి ఒక్కసారిగా లేచిపోయాయి. పక్కనే మూట మీద కూర్చున్న ముసలావిడ చెవులు మూసుకుంది.

"ఎందుకు నాయనా అంత గొంతు? నాకేమన్నా చెవుడా? ఎక్కుతున్నాగా!"

ఆ తిట్టు విని మైకు ఆవిడ మూట తన భుజానికెత్తుకుని, ముందు సీటు దాకా గంతులేస్తూ పోయాడు.