డ్యూటీ దిగని మేట్రనమ్మ

హాల్లో అంత పెద్ద ఫొటో వేలాడుతుంటే, దాని కిందే చేరి సెల్‌ఫోన్లు గోక్కోవడమే గానీ, ఆ మనిషి ఎవరు, ఏం చేసింది, ఎలా పోయింది అని మీలో ఒక్కరైనా నోరు తెరిచి అడిగారా? సినిమావాళ్ల పెళ్లిళ్లు ఎన్ని పెటాకులయ్యాయో మాత్రం వేళ్ల మీద చెబుతారు. సొంత తాతమ్మ సంగతి ఆ ఫొటో మీద దుమ్ముకే తెలియాలి. నా తోబుట్టువని గొప్పలు పోతున్నాననుకోకండి. ఈ కథ నాకే సగం అర్థం కాలేదు. అర్థం కానిది అర్థం కానట్టే చెబుతాను.

ఊరంతా ఆమెను మేట్రనమ్మ అనేవారు. నర్సు చదువుకు వెళ్తానన్నప్పుడు మా నాన్న ఇంతెత్తున లేచాడు. ముక్కూ మొహం తెలియని మగాళ్ల ఒళ్లు తుడవడానికా నిన్ను పెంచింది అన్నాడు. తర్వాత ఆయనకే పక్షవాతం వస్తే ఒళ్లు ఎవరు తుడిచారో చెప్పక్కర్లేదు. ఆయన మూతి వంకర పోయింది గానీ, అన్న మాట వెనక్కి పోలేదు.

పెద్దాస్పత్రిలో ముందు వార్డు నర్సు, ఆనక వార్డుకు పెద్ద, చివరికి మొత్తం నర్సులందరికీ పెద్ద. తెల్లబట్టలు, గుండె మీద పిన్నుకు వేలాడే వాచీ. ఆమె మెట్లెక్కుతోందంటే కుర్చీలో జారబడ్డ డాక్టర్లు కూడా నిటారుగా అయ్యేవారు.

ఆ రోజుల్లో డ్యూటీ మారేటప్పుడు దిగే నర్సులు ఎక్కే నర్సులకు రోగుల సంగతులు చెప్పేది వాళ్ల గదిలో, టీ తాగుతూ. ఒకసారి మంచాలు చాలక ఒక ముసలాయన్ని వరండాలో పరుపేసి పడుకోబెట్టారు. దిగేవాళ్లు ఆయన సంగతి చెప్పేశామనుకున్నారు. ఎక్కినవాళ్లు ఆయన్ని రోగిని చూడొచ్చిన చుట్టమనుకున్నారు. ఆ రెండు అనుకోవడాల మధ్యన, గుక్కెడు నీళ్లు ఇచ్చే దిక్కులేక, ఆయన ప్రాణం పోయింది. ఆ పూట దిగిందెవరు, ఎక్కిందెవరు అని ఒకసారి అడిగాను. మేట్రనమ్మ కొంగుతో వాచీ తుడుచుకుంది. తానే కావచ్చు. కాకపోనూవచ్చు.

పెద్ద కుర్చీ ఎక్కగానే ఆమె చేసిన మొదటి పని అప్పగింత పద్ధతి మార్చడం. అప్పగింత గదిలో కాదు, మంచం దగ్గర. ఎక్కే మనిషి ప్రతి రోగినీ కళ్లారా చూడాలి, చెయ్యి పట్టుకోవాలి, "తీసుకున్నాను" అనాలి. ఆ మాట వినపడేదాకా దిగే మనిషి కాలు కదపకూడదు. బస్సులు తప్పిపోతున్నాయని నర్సులు ఏడ్చారు. ఇల్లు అద్దెకు అప్పగించేటప్పుడు కూడా ఇంత తతంగం ఉండదని ఒక డాక్టరు నవ్వాడు. ఇల్లు దాహం అడగదు కదండీ అని ఊరుకుంది ఈమె. ఆ పద్ధతి మిగతా ఆస్పత్రులకూ పాకింది. ఇంట్లోనూ అంతే. డ్యూటీకి వెళ్తూ పొయ్యి మీద పాలు, ఉయ్యాల తొట్టెలో పిల్ల, అన్నీ పెద్దవాడికి అప్పగించి, వాడు తీసుకున్నానంటేనే గడప దాటేది.

ఇక అసలు సంగతి. ఉద్యోగం అయిపోయింది, మొగుడు పోయాడు, మతి జారడం మొదలైంది. ముందు తాళంచెవులు మర్చిపోయింది, తర్వాత మనుషుల్ని. ఒకరోజు పొద్దున్నే జుట్టు బిగించి ముడేసుకుని, వాచీ పిన్నుకు తగిలించుకుని వచ్చి ముందు గదిలో తలుపు పక్కన నిలబడింది. అప్పగించడానికి. తీసుకునేవాళ్లు రాలేదు కాబట్టి కూర్చోలేదు. మర్నాడూ అంతే. రోజులు గడిచేకొద్దీ కాళ్లు దిండ్లలా వాచాయి. ఇలాగే నిలబడితే పుళ్లు పడతాయి, ఈ వయసులో పడిన పుండు మానదు అన్నాడు డాక్టరు. ఆమెను డ్యూటీ ఎలా దింపాలన్నదే ఇక ఆ ఇంటి బెంగ.

బెంగ అందరిదీ, పని మాత్రం కోడలిది. కోడలు ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. మాట తక్కువ మనిషి. అత్త నోటి వెంట ఒక మంచి మాట విని ఎరగదు, చెడ్డ మాటా విని ఎరగదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమెకు తాను కోడలో, డ్యూటీలో ఉన్న మరో మనిషో తెలిసింది కాదు.

కూర్చోమని బతిమాలింది. డ్యూటీలో కూర్చునే అలవాటు తనకు లేదు సిస్టర్ అంది అత్త. కొడుకు వచ్చి, నీ ఉద్యోగం అయిపోయిందమ్మా అని, దండలేసిన సన్మానం ఫొటో చూపించాడు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసి, ఎవరో పెద్దావిడ, పాపం బాగా అలిసిపోయినట్టుంది అంది.

కోడలు ఇక ఉండబట్టలేక ఒకరోజు "తీసుకున్నాను అత్తయ్యా" అనేసింది. అత్త తలూపింది. చెప్పులేసుకుంది. హమ్మయ్య అని కోడలు వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది, మనిషి లేదు. వీధులన్నీ గాలించి చూస్తే పెద్దాస్పత్రి గేటు దగ్గర దొరికింది. పాత వాచ్‌మన్ తన స్టూలు ఆమెకు చూపించి, తాను బిగుసుకుని నిలబడి ఉన్నాడు. ఆమె కూడా కూర్చోలేదు. ఇద్దరూ కవాతుకు వచ్చినవాళ్లలా ఎదురెదురుగా నిలబడ్డారు.

తలుపుకు తాళం వేద్దామన్నాడు కొడుకు. ఊరి ఆస్పత్రిని నడిపిన మనిషిని గదిలో పెట్టి తాళం వెయ్యడానికి కోడలికి చెయ్యి రాలేదు. మాట అంటే వెళ్లిపోతుంది, అనకపోతే కాళ్లు పోతాయి. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె బతుకు.

అప్పుడు మేట్రనమ్మ కూతురు వచ్చింది. ఆమె కూడా నర్సే, వేరే ఊళ్లో. సంగతంతా విని కడుపు పట్టుకుని నవ్వింది.

"నువ్వు చూడకుండానే తీసుకున్నావు కదా వదినా. అది అప్పగింతే కాదు. అమ్మ ఇంటికి పోలేదు, నీ మీద కంప్లయింటు ఇవ్వడానికి పోయింది."

కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ మర్నాడు మిషను ఆపి, కొంగు దోపుకుని, అత్త వెనకే బయల్దేరింది. అత్త కళ్లకు సోఫాలో ఒళ్లు కాలిన పిల్ల ఉంది. భోజనాల బల్ల మీద కడుపు కోసిన ఆసామి. కుట్టుమిషను దగ్గర ఆయాసం మనిషి, వెల్లకిలా పడుకోబెట్టొద్దు. అత్త చూపించిన చోటల్లా కోడలు గాల్లో చెయ్యి పట్టుకుని, తీసుకున్నాను, తీసుకున్నాను అంటూ తిరిగింది. వరండాలో నేల మీదకు వంగమంటే వంగింది. అక్కడ అత్త గ్లాసుతో నీళ్లు తెప్పించి పెట్టింది. ఎదురింటావిడ కిటికీలోంచి చూసి, అత్తకున్నది కోడలికీ అంటుకుందని నలుగురికీ చాటింది.

అంటుకుందేమో కూడా. కొన్నాళ్లకు కోడలు సోఫాలో కూర్చోబోయి, అయ్యో పిల్ల అని లేచేది. ఆయాసం మనిషి నిద్రపోతాడని మిషను మెల్లగా తొక్కేది. ఇంతా చేస్తే అత్త కూర్చుందా అంటే, లేదు. అందరినీ అప్పగించి తలుపు దాకా వచ్చి, ఒకరు తక్కువయ్యారు సిస్టర్, మళ్లీ చూద్దాం అనేది. మళ్లీ సోఫా, మళ్లీ బల్ల, మళ్లీ వరండా. ఆ తక్కువైన మనిషి ఎవరో ఆమెకూ తెలియదు, వీళ్లకూ తెలియదు. కాళ్లు ఇంకా వాచాయి. చర్మం మెరవడం మొదలైంది.

ఒక మధ్యాహ్నం, తిరిగి తిరిగి, ఎన్నడూ పోని వెనక గదిలోకి పోయింది. అక్కడ కోడలి మంచం. దాని దగ్గర ఆగి, దుప్పటి సర్దింది.

"ఇదిగో, ఈమె. ఈమె ఏమీ చెప్పదు సిస్టర్. బాగున్నానంటుంది, నమ్మొద్దు. ఈమెను ముందు పడుకోబెట్టి, మిగతావాళ్లను తర్వాత చూడు."

కోడలు ఖాళీ మంచం కేసి చూసింది. ఏనాటి రోగి ఈమె? లేక తానా? తానే అయితే, ఎదురుగా నిలబడ్డ తనను ఎవరనుకుంటోంది?

"ఎవరు అత్తయ్యా ఈమె? పేరేమిటి?"

"పేరెందుకు? మనిషిని చూడు."

అందరినీ గాల్లో చూసింది గానీ, ఆ మంచం మీద మాత్రం కోడలికి ఎవరూ కనిపించలేదు. చూడకుండా తీసుకోకూడదు.

"ఈమెను నేను తీసుకోలేను అత్తయ్యా" అంది.

అత్తకు కోపం వస్తుందనుకుంది. రాలేదు. "అయితే నేనే ఉంటాను" అని, అన్నాళ్ల తర్వాత, ఆ మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. రోగి ఏదని వెతుక్కుంటున్నట్టు దుప్పటి తడిమింది. ఆమె మళ్లీ లేస్తుందేమోనన్న భయంతో కోడలు గబగబా మంచమెక్కి పడుకుంది. అత్త ఆమె మణికట్టు పట్టుకుని, వాచీ చూస్తూ ఉండిపోయింది.

ఇక రోజూ అదే తంతు. కోడలు పడుకుంటేనే అత్త కూర్చుంటుంది. కోడలు లేస్తే అత్తా లేస్తుంది. పొయ్యి మీద పాలు పొంగిపోయేవి, కుట్టాల్సిన బట్టలు గుట్టలు పడేవి, మిషను లాంటి మనిషి పట్టపగలు మంచాన పడి ఉండేది. ఎవరు ఎవరిని చూసుకుంటున్నారో కొడుక్కి అంతుపట్టలేదు, వంట మాత్రం నేర్చుకున్నాడు. చెప్పుకోదగ్గ వంట కాదు. దిండు మీద కాళ్లు చాపుకుని కూర్చోగా కూర్చోగా అత్తకు వాపు దిగింది. పుండు పడలేదు.

కోడలికి మొదట్లో మంచం మీద ముళ్లున్నట్టుండేది. పడుకోవడం అలవాటు లేని ఒళ్లు. ఒక మధ్యాహ్నం మాత్రం నిజంగా నిద్రపట్టేసింది. మెలకువ వచ్చేసరికి ఎండ గోడ మీదకు ఎక్కింది. అత్త వేళ్లు ఆమె మణికట్టు మీదే ఉన్నాయి, చల్లగా. తల గోడకు ఆనుకుని ఉంది. ఎప్పుడు పోయిందో కోడలికి తెలియదు. ఆ మంచం మీది మనిషిని ఎవరికీ అప్పగించకుండానే పోయింది. అత్త లెక్కలో తాను కోడలో, ఎప్పటిదో పేరు లేని రోగో, ఇప్పటికీ తెలియదంటుంది. ఆ చెయ్యి విడిపించుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టిందట.

పోయేనాటికి మేట్రనమ్మకు ఎనభై రెండేళ్లు.