దానికి కాళ్లున్నాయా?

మా చిన్నప్పుడు ఆదివారమంటే నాయిన ఇంట్లో ఉండేవాడు కాదు... ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి అమ్మేవాడు. నాంపల్లిలో ఒక గల్లీలో మా కిరాయి ఇల్లు. వాకిట్లో గోడవారగా ఇటుకల కుప్ప.

ఆ ఆదివారం నేను గడప మీద కూర్చుని సైన్సు పరీక్షకు బట్టీ పడుతున్నాను. చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు... ఐదేళ్ల మా చెల్లి లతను చూస్తుండమని చెప్పి అమ్మ లోపల బియ్యం చెరుగుతోంది. నేను చూస్తున్నది పుస్తకాన్నే.

"అక్కా... కరిసింది!"

తల తిప్పేసరికి, నున్నగా రాగిరంగులో మెరుస్తున్న తోకొకటి ఇటుకల సందులోకి జారిపోయింది. లత బొటనవేలి మీద సన్నటి ఎర్ర గీత.

"పామా?" అమ్మ చేతిలోంచి చాట జారి బియ్యం చెల్లాచెదురయ్యాయి. పక్కింటి ఖాలా ఉరికొచ్చి ఆటో పిలిచింది. నాయినకు కబురు పంపిస్తానంది.

దవాఖానలో డాక్టరు లత వేలు చూశాడు, కనురెప్పలెత్తి చూశాడు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచాడు.

"చూసింది నువ్వేనా? దానికి కాళ్లున్నయా?"

పుస్తకంలో ఆ ముక్క నాకు కంఠతా వచ్చు. పాములకు కాళ్లుండవు, బల్లులకుంటాయి, రెండూ సరీసృపాలే. కానీ నేను చూసింది తోక ఒక్కటే... అమ్మ నా మొహంలోకే చూస్తోంది. "ఉన్నయి" అనేస్తే అమ్మ ఊపిరి పీల్చుకుంటుంది. అన్నాక, లేకపోతే?

"తెల్వద్ సార్... తోకనే చూసిన" అని ఏడ్చేశాను.

"ఏడ్వకు. తెల్వకుంటే తెల్వదనే చెప్పాలె. పాపను గీడనే ఉంచి చూద్దాం."

ఇంతలో నాయిన వచ్చాడు. డాక్టరు అడిగిన మాట విని, లత తల ఒకసారి నిమిరి, మళ్లీ ఇంటికి పరుగెత్తాడు.

ఎంతసేపు కూర్చున్నామో... లత రెప్ప వాలిస్తే చాలు, అమ్మ తట్టి లేపేది. "నన్ను జూడు బిడ్డా... నిద్రపోకు." నేను వేలు వాచిందా అని చూస్తూనే ఉన్నాను. చూసిన ప్రతిసారీ కొంచెం వాచినట్టే అనిపించేది. అమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇంకా భయమేసింది.

పొద్దు వాలుతుండగా నాయిన తిరిగొచ్చాడు. చేతులనిండా ఇటుక దుమ్ము. కట్టెతో కుప్పంతా ఒక్కో ఇటుకా పక్కకు నెట్టి వెతికాడట.

"దొరికింది సార్! నాలుగు కాళ్లున్నయి, గింత గింత... నలికండ్ల పాము!"

డాక్టరు మొహం తేటపడింది. "పేరుకే పాము. బల్లులకు చుట్టం. విషముండదు. ఫికర్ చేయకున్రి." అయినా ఇంకో గంట ఉంచుకుని, సూది వేసి పంపించాడు.

ఆటోలో అమ్మ నన్ను దగ్గరికి లాక్కుంది. "నీ తప్పేం లేదు బిడ్డా" అంది. ఉందని నాకు తెలుసు... అమ్మకూ తెలుసు.

ఇప్పుడు ఆ గల్లీలో వాకిళ్లే లేవు. అన్నీ అపార్ట్‌మెంట్లు, కింద బండ్లు. మా పిల్లలు ఏ పురుగు కనబడ్డా ఫోనుతో ఫొటో తీసి, దాని పేరూ జాతీ చిటికెలో చెప్పేస్తారు. ఒక్క జవాబు కోసం అంతసేపు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్న రోజులు వాళ్లకు చెబితే నవ్వుతారు. లత కూడా నవ్వుతుంది... నాకే, ఇన్నేళ్లయినా, నవ్వు రాదు.

మీ ఇళ్లలో మిమ్మల్ని అలా వణికించిన జీవి ఏది? చివరికి అది ఏమని తేలింది?