మా మిద్దె మీద అద్దాల కరెంటు

ఆ రోజుల్లో మా ఆదోనిలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు గాని, ఎండ మాత్రం ఒక్కపూటైనా కోత లేకుండా వచ్చేది. ఈ రెండు సంగతులూ ఊరందరికీ తెలిసినవే. రెండింటినీ ఒకచోట పెట్టి ఆలోచించింది మాత్రం, నాకు తెలిసి, మా మామ ఒక్కడే. నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు చాటున నిలబడి, వాళ్ళు వెళ్ళాక వాళ్ళ మాటలన్నీ డైరీలో రాసుకునే రకం. (మాట్లాడాల్సిన పని లేకుండా మనుషుల మధ్య ఉండడానికి అంతకన్నా మంచి ఉపాయం నాకు ఇప్పటికీ దొరకలేదు.)

మామ అంటే అమ్మకు తమ్ముడు. ఎమ్మిగనూరులో తాతకు దుప్పట్లు, టవళ్ళ అంగడి ఉండేది. పది పాసైన మామను ఆ అంగట్లో కూర్చోబెట్టాలని తాత, పాలిటెక్నిక్‌లో చేరాలని మామ. మామ మా ఇంటికి వచ్చినప్పుడల్లా రైల్వేస్టేషనుకు పోయి, ఆగి ఉన్న బొగ్గు ఇంజన్‌ని పక్కనుంచి చూస్తూ నిలబడేవాడు. తిరిగొచ్చాక రెండు ముద్దలు తిని, "నీళ్ళక్కా, వట్టి నీళ్ళు! నీళ్ళు అంత పెద్ద రైలును లాగుతాండాయి!" అనేవాడు. "ముందు ఆ నీళ్ళు తాగి అన్నం తినరా" అనేది అమ్మ. చివరికి తాత విసిగిపోయి తేల్చేశాడు. "ఎండతో ఆవిరి, ఆవిరితో కరెంటు అంటాండావు గదా. నేను శుక్రవారం ఆదోనికి వస్తా. నా ఎదురుగా బల్బు ఎలిగించు. ఎలిగితే సదువుకో, లేదంటే అంగట్లో కూచో. మళ్ళా ఏడ్సకూడదు."

మామ లెక్క సులువైనదే. అమ్మ ప్రెషర్ కుక్కర్‌కు బయటంతా మసి పూసి, మూతకు ఇంకో రంధ్రం చేసి (అమ్మకు చెప్పలేదు), ఒక సన్నని గొట్టం, దానికో చిన్న కుళాయి బిగించాడు. అద్దాలతో ఎండనంతా కుక్కర్ మీదికి తిప్పితే నీళ్ళు మరుగుతాయి. కుళాయి విప్పితే ఆవిరి బుస్సుమని వచ్చి, నూనెడబ్బా రేకుతో చేసిన చక్రాన్ని తిప్పుతుంది. చక్రం సైకిల్ డైనమోను తిప్పుతుంది. డైనమో టార్చిలైటు బల్బును వెలిగిస్తుంది. అన్నీ సిద్ధమే, అద్దాలు తప్ప. మా వీధిలో అద్దం అరువివ్వడమనేది లేదు. పగిలితే ఆ ఇంటికి కీడు. "నా అద్దం నా చేతుల్లోనే ఉండాల. కావాలంటే నేనే వచ్చి పట్టుకుంటా" అంది మా వీధిలో పిండిమర నడిపే పిండిగిర్నీ అక్క. మిగతా వాళ్ళదీ అదే మాట. అట్లా శుక్రవారం మధ్యాహ్నం మా మిద్దె మీదికి వీధిలోని ఆడవాళ్ళంతా తలో అద్దంతో ఎక్కారు. మేమంతా ఖాలా (పిన్నమ్మ) అని పిలిచే ఎదురింటావిడ అయితే బీరువా తలుపుకున్న నిలువుటద్దాన్నే ఊడదీయించి తెచ్చింది.

ఆ దృశ్యం మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను. అందరూ ఒక్కసారి అద్దాలు పైకెత్తేసరికి ప్రతి చేతిలోనూ ఒక సూర్యుడు. మామ చెప్పినట్టు తిప్పుతుంటే ఆ వెలుగులన్నీ పిట్టగోడ మీద పాకి, ఒకదాని మీద ఒకటి ఎక్కి, కుక్కర్ మీద కూడుకున్నాయి. నల్లటి కుక్కర్ కళ్ళు చెదిరేట్టు తెల్లగా అయిపోయింది. అద్దాలకు అంటించిన బొట్టుబిళ్ళల నీడలు మాత్రం దాని మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి. ఖాలా మెల్లగా "యా అల్లా" అంది.

కాని ఆడవాళ్ళ చేతికి అద్దమిచ్చి, అందులో చూసుకోవద్దంటే ఎట్లా? "అమ్మో, ఎండలో సూస్తే నాకిన్ని తెల్లెంటికలు ఉండాయా!" అంటూ పిండిగిర్నీ అక్క అద్దం తనవైపు తిప్పుకుంది. ఆ వెలుగు కుక్కర్‌ని వదిలి, అప్పుడే మెట్లెక్కి వస్తున్న తాత బట్టతల మీద పడింది. "ఏందప్పా, నీళ్ళు సాలక నన్ను ఉడకబెడతాండారా?" అన్నాడు తాత.

ఇక నా పని. అంత ఎండలో టార్చి బల్బు వెలిగినా కనబడదు కాబట్టి, ఎవరో ఒకరు కంబళి కప్పుకుని లోపల బల్బును చూస్తూ కూర్చోవాలి. మిద్దె మీది ఆడవాళ్ళలో అద్దం లేనిది నా ఒక్కదానికే. ఆదోని ఏప్రిల్ ఎండలో ఉన్ని కంబళి కింద దూరాను. బయట కుక్కర్ విజిల్ వేసింది. అంతే, అమ్మతో సహా అందరూ అద్దాలు దించేశారట! ఏళ్ళ తరబడి అలవాటు మరి, విజిల్ వస్తే దించాల్సిందే. మామ కుళాయి విప్పేసరికి ఆవిరి చప్పున చల్లారి, చక్రం రెండు చుట్లు తిరిగి నిలబడిపోయింది. నాకు చీకటి తప్ప ఏమీ కనబడలేదు.

"అయిపాయ. పోదాం పా" అన్నాడు తాత. మామ బతిమాలాడు. "ఒక్కసారి నాయనా, ఇంకొక్కసారి. అక్కా, విజిల్ వచ్చినా ఎవ్వరూ దించొద్దండి. అందులో ఉడికేది పప్పు కాదు, నా బతుకు!" ఆ మాటకు ఎవరూ నవ్వలేదు. గాజుల చప్పుళ్ళు విన్నాను, అద్దాలు మళ్ళీ లేచినట్టున్నాయి. ఈసారి విజిల్ వచ్చినా ఎవరూ కదల్లేదు. బుస్సుమన్నది, రేకు గరగరలాడింది. నా ముక్కుకు జానెడు దూరంలో, ఆ నల్లటి చీకట్లో, వెంట్రుక కన్నా సన్నటి ఎర్రటి తీగ ఒకటి మెల్లగా కళ్ళు తెరిచింది. ఎరుపు నారింజ అయింది, నారింజ పసుపు అయింది. బయట మండుతున్న ఎండే, నీళ్ళలోంచి, రేకులోంచి, తీగలోంచి దారి చేసుకుని నన్ను వెతుక్కుంటూ లోపలికి వచ్చిందనిపించింది. ఊపిరి వదిలితే ఆరిపోతుందేమోనని బిగబట్టాను.

"ఎలిగిందా?" అని తాత అరిచాడు. నేను కంబళి విసిరేసి లేచి, "ఎలిగింది తాతా! ఎలిగింది!" అని వీధి చివరిదాకా వినబడేట్టు కేక వేశాను.

"నువ్వు మీ మామ పక్షం. నీ మాట నమ్మేదెట్లా?" అన్నాడు తాత. ఖాలా నిలువుటద్దం వెనకనుంచి తల బయటపెట్టింది. "పెద్దాయనా, ఈ బేటీ నోట్లోంచి మాట రావడమే నేనెన్నడూ సూడలేదు. అబద్ధం సెప్పాలంటే ఇంత గట్టిగా సెప్తాదా?"

తాత భుజం మీది టవలు తీసి నా చేతిలో పెట్టి, తనే కంబళి కింద దూరాడు. మామ మళ్ళీ నీళ్ళు పోశాడు, మళ్ళీ విజిల్ వచ్చింది, చక్రం తిరిగింది. కంబళి మాత్రం కదల్లేదు. ఆవిరి అయిపోయింది, చక్రం ఆగింది, అయినా తాత బయటికి రాలేదు. "నాయనా?" అన్నాడు మామ భయంగా. లోపలినుంచి చిన్నపిల్లవాడి గొంతులాంటి గొంతు వచ్చింది. "ఇంగోసారి ఎలిగించు."

అద్దాలు పట్టుకున్న చేతులు పడిపోతున్నాయని ఆడవాళ్ళు గోల పెడుతుంటే తాత బయటికి వచ్చి, చెమట తుడుచుకుంటూ, బల్బు ఊసే ఎత్తకుండా, "ఆ కాలేజీ యాడుంది? ఈడనుంచి బస్సు ఉందా?" అని మాత్రం అడిగాడు. (కుక్కర్ మూతకు రంధ్రం సంగతి అమ్మ చూసింది ఆ తర్వాతే. దాని గురించి రాయాలంటే ఇంకొన్ని కాగితాలు కావాలి.)

ఇప్పుడు నేను ఉద్యోగం చేసే చోట నలుగురిలో ఒక మాట చెప్పాల్సి వస్తే, గొంతు తడుపుకుని, మనసులో రెండుసార్లు చదువుకుని, చివరికి ఎవరో ఆ మాట అనేశాక ఊరుకుంటాను. అలాంటప్పుడు, జుట్టంతా చెమటకు ముఖానికి అంటుకుని, మిద్దె మీద నిలబడి అంత కేక వేసిన ఆ పిల్ల గుర్తొస్తుంది. నాలో నేనే నవ్వుకుంటాను. ఆ పిల్ల ఎప్పుడైనా ఇటువైపు వస్తే బాగుండునని ఎదురుచూస్తుంటాను.